బంటు ఎదురుగా ఉన్నా కొట్టలేదు: జిల్లా ఛాంపియన్‌షిప్ ఆఖరి రౌండు డ్రా మీద చర్చ

లంకబంటు (పి.గన్నవరం)

మొన్నటి జిల్లా చదరంగం ఛాంపియన్‌షిప్ ఆఖరి రౌండు, రెండో బోర్డు. నల్ల పావులు నావి. ఎదుటి అబ్బాయి గెలిస్తే టైటిల్ అతనిది, డ్రా అయితే మొదటి బోర్డు మీద కూర్చున్నవాళ్లలో ఒకరికి పోతుంది. డ్రా అయింది. అతను ఏమీ అనుకోలేదు. చేయి కలిపాడు, పక్క గదిలో కూర్చుని ఆటంతా మళ్లీ వేసి చూసుకున్నాం. కోపం వచ్చింది చూడడానికి వచ్చినవాళ్లకు. "కళ్లెదుట బంటు ఉంటే కొట్టడానికి చేతులు రాలేదా" అన్నారు ఒకాయన. "ముందే మాట్లాడుకున్నారా" అన్నారు ఇంకొకాయన. రెండో మాటకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. మొదటిదానికి చెప్పాలని ఉంది, ఎందుకంటే ఆ ఆటలో నేను బాగా ఆడానని నమ్మే భాగం అదే.

ఎత్తులు ఇవి. గు అంటే గుర్రం, శ శకటు, ఏను ఏనుగు, మం మంత్రి, గుబి అంటే బి వరుసలోని గుర్రం. సి4 లాంటివి గడుల పేర్లు, ముందు పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు. × అంటే కొట్టడం, 0-0 అంటే కాస్లింగ్ (రాజును ఏనుగు పక్కకు చేర్చడం).

1. డి4 డి5 2. సి4 ఈ6 3. గు-సి3 గు-ఎఫ్6 4. శ-జి5 శ-ఈ7 5. ఈ3 0-0 6. గు-ఎఫ్3 గుబి-డి7 7. ఏను-సి1 సి6 8. మం-సి2 ఎ6 9. ఎ3 హెచ్6 10. శ-హెచ్4 ఏను-ఈ8 11. శ-డి3 డి×సి4 12. శ×సి4 బి5 13. శ-ఎ2 సి5 14. డి×సి5 గు×సి5 15. 0-0 శ-బి7

సి4లో అతని బంటు, డి5లో నా బంటు రెండో ఎత్తు నుంచి పదకొండో ఎత్తు దాకా ఒకదాన్నొకటి కొట్టగలిగే స్థితిలోనే ఉన్నాయి. నేను తొందరపడి సి4లో కొడితే, ఎఫ్1లో ఉన్న అతని శకటు ఒక్క ఎత్తులో సి4కి వచ్చి మంచి చోట కూర్చుంటుంది. అంటే అతని పావును నేనే బయటికి తెచ్చినట్టు. అతను డి5లో కొడితే నా ఈ6 బంటు డి5కి వెళ్తుంది, దాని వెనక ఇరుక్కుపోయిన నా సి8 శకటుకు దారి తెరుచుకుంటుంది. ముందు కొట్టినవాడు ఎదుటివాడికి ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. అందుకే ఇద్దరమూ కొట్టలేదు.

అయితే అతని ఎఫ్1 శకటు ఎప్పటికైనా కదలాలి. అది డి3కి వచ్చాక నేను సి4లో కొడితే అదే శకటు రెండోసారి కదలాల్సి వస్తుంది. అక్కడ నాకు ఒక ఎత్తు కలిసివస్తుంది. కాబట్టి అతను ఆ శకటును కదపకుండా పనికొచ్చే ఎత్తులు వెతుక్కోవాలి, నేను కొట్టకుండా పనికొచ్చే ఎత్తులు వెతుక్కోవాలి. అతను మం-సి2, ఎ3 వేశాడు. నేను ఎ6, హెచ్6, ఏను-ఈ8 వేశాను. పదకొండో ఎత్తుకు 18 నిమిషాలు ఆలోచించాడు. స్కోర్‌షీట్ పక్కన టైము రాసుకునే అలవాటు నాకుంది. అతని చేయి ఒకసారి సి4 బంటు పైకి వచ్చి, ముట్టుకోకుండా వెనక్కి వెళ్లింది. తర్వాత శకటును డి3లో పెట్టాడు. నేను వెంటనే కొట్టాను.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏనుగులు సి, డి వరుసల మీద మారిపోయాయి. చివరికి చెరొక తెల్లగడి శకటు, చెరి ఆరు బంట్లు మిగిలాయి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో "చేతులు రాకపోవడం" ఎక్కడుంది?

---

ఈ4 వీరుడు (భీమవరం)

అన్నయ్యా, ఎనిమిదో ఎత్తు దగ్గరే నాకు నిద్ర వచ్చింది. నేనైతే రెండో ఎత్తులోనే డి×సి4 కొట్టి, బి5 వేసి ఆ బంటును కాపాడుకుంటాను. బంటు లాభం, ఆట మొదలు. ఆలస్యం అమృతం విషం.

---

తణుకు ఏనుగు (తణుకు)

వీరుడు తమ్ముడూ, విషం ఎవరు తాగుతారో చూద్దాం. 1. డి4 డి5 2. సి4 డి×సి4 3. ఈ3 బి5 4. ఎ4 సి6 5. ఎ×బి5 సి×బి5 6. మం-ఎఫ్3. ఇప్పుడు నీ ఎ8 ఏనుగును మంత్రి చూస్తోంది. మధ్యలో గుర్రాన్నో శకటునో అడ్డం పెట్టి ఏనుగును కాపాడుకోవచ్చు కానీ, ఆ పావు పోతుంది. మా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి నెలలోనే చూపించే ఉచ్చు ఇది.

సి4లో కొట్టడం తప్పని నేననను. క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్ ప్రపంచ స్థాయిలో ఆడే ఓపెనింగే. కానీ అది ఆడేవాళ్లు ఆ బంటును దాచుకోవడానికి కొట్టరు. తెల్లవాడు దాన్ని తిరిగి తెచ్చుకునే లోపల సి5 వేసి మధ్యభాగం మీద పోటీకి దిగడానికి కొడతారు.

---

పాలకొల్లు మాస్టారు (పాలకొల్లు)

లంకబంటు గారూ, మీ ఆట చూస్తే 1927 గుర్తొచ్చింది. బ్యూనస్ ఐరిస్‌లో కాపబ్లాంకా, అలేఖిన్ ప్రపంచ టైటిల్ కోసం 34 ఆటలు ఆడారు. అందులో 25 డ్రా. రెండు తప్ప మిగతావన్నీ క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డే, అంటే సి4 బంటును వెంటనే కొట్టకుండా ఈ6తో డి5ను కాసే ఓపెనింగ్. సెప్టెంబరులో మొదలైన మ్యాచ్ నవంబరు చివరిదాకా సాగింది. మీరు ఆడిన ఈ సి4-డి5 బిగువు మీదే ఇద్దరు మహానుభావులు రెండు నెలలకు పైగా కూర్చున్నారు. చూసేవాళ్లకు విసుగు పుట్టి ఉండవచ్చు. కానీ ఒక ఎత్తు కలిసివస్తే ఏం చేయవచ్చో, రాకపోతే ఏం చేయాలో అనే పాఠం చాలావరకు అక్కడే తయారైంది.

కాపబ్లాంకా పేరుతో ఉన్న విడుదల పద్ధతి చూడండి. తెల్లవాడు మంత్రిని కదపకుండా ఎనిమిదో ఎత్తులోనే శకటును డి3కి తెచ్చాడనుకోండి. 8. శ-డి3 డి×సి4 9. శ×సి4 గు-డి5 10. శ×ఈ7 మం×ఈ7 11. 0-0 గు×సి3 12. ఏను×సి3 ఈ5. నాలుగు పావులు మారిపోయాయి, నల్లవాడి ఇరుకు తీరింది. సి8 శకటు ఇంకా బయటికి రావాల్సి ఉన్నా ఈ5 పడ్డాక ఊపిరి ఆడుతుంది. ఇదంతా శకటు డి3కి వచ్చేదాకా ఆగినందుకు దొరికిన ప్రతిఫలం.

ఆ మ్యాచ్ ఆఖరి ఆటలో నల్లవాడైన కాపబ్లాంకా ఏడో ఎత్తుకు ఎ6 వేస్తే అలేఖిన్ ఎ3 వేశాడు. మీ ఎదుటి అబ్బాయి వేసినట్టే. తర్వాత హెచ్6, శ-హెచ్4, అప్పుడు డి×సి4. ఎవరికీ తొందర లేదు.

---

ఈ4 వీరుడు (భీమవరం)

మాస్టారూ, ఇప్పుడే వెతికి చూశాను. ఆ 34వ ఆట డ్రా కాదు, 82 ఎత్తుల్లో అలేఖిన్ గెలిచాడు. టైటిల్ కూడా గెలిచాడు. మీరు నా పక్షాన సాక్ష్యం చెప్పారు.

---

పాలకొల్లు మాస్టారు (పాలకొల్లు)

వెతికి చూశావు చూడు నాయనా, నాకు కావలసింది అదే. ఇంకాస్త చూడు. ఆ ఆటలో అలేఖిన్ శకటు ఎఫ్1 నుంచి నేరుగా సి4కి వెళ్లింది. అంటే ఎదురుచూపులో కాపబ్లాంకాకు ఎత్తు కలిసిరాలేదు. లంకబంటు గారికి కలిసివచ్చింది. ఒకే రకం బంట్ల నిర్మాణం, ఒకే రకం ఎదురుచూపు, తేడా ఒక్క ఎత్తు. 82 ఎత్తుల పోరాటానికి ఆ ఒక్క ఎత్తే కారణమని నేనను, మధ్యలో చాలా జరిగాయి. కానీ తెల్లవాడు ఎందుకు శకటును కదపకుండా ఎ3 లాంటి చిన్న ఎత్తు వేస్తాడో తెలియాలంటే ఆ ఆట మొదటి పది ఎత్తులు చాలు.

---

గౌతమి గట్టు (యానాం)

నేను కాస్త చేదు మాట చెబుతాను. మీరు ఇచ్చిన ఎత్తులన్నీ ఇంజన్‌లో (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో) పెట్టి చూశాను. లంకబంటు గారి ఓపికను అందరూ మెచ్చుకుంటున్నారు కానీ, తొమ్మిదో ఎత్తులో ఎ3 బదులు తెల్లవాడు సి×డి5 కొట్టి ఉంటే కథ వేరు. 9. సి×డి5 ఈ×డి5 10. శ-డి3 ఏను-ఈ8 11. 0-0 గు-ఎఫ్8. ఇది కార్ల్స్‌బాద్ నిర్మాణం. తెల్లవాడికి మంత్రి వైపు ఎ, బి రెండు బంట్లే, నల్లవాడికి ఎ, బి, సి మూడు. ఆ రెండింటితో మూడింటి మీదికి వెళ్లడమే మైనారిటీ ఎటాక్. బి4, బి5 అంటూ వెళ్లి సి6 దగ్గర కొట్టుకుంటే, నల్లవాడికి సి6లో దిక్కులేని బంటు ఒకటి మిగులుతుంది. దాన్ని సి వరుసలో ఏనుగులతో ఎంతసేపైనా పీడించవచ్చు. పైగా నల్లవాడు ఎ6 వేసి బి6 గడిని బలహీనం చేసుకున్నాడు. గు-ఎ4, గు-సి5 అంటూ గుర్రం వచ్చి కూర్చుంటుంది.

అంటే నల్లవాడి ఓపిక ఫలించింది తెల్లవాడు కొట్టాల్సిన చోట కొట్టకపోవడం వల్ల. ఇద్దరూ ఆగితే ఇద్దరూ తెలివైనవాళ్లని అనుకోకూడదు.

---

లంకబంటు (పి.గన్నవరం)

గట్టు గారూ, ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. సి×డి5 బెదిరింపు ప్రతి ఎత్తులోనూ ఉంది. నేను వేసిన ప్రతి ఎత్తునూ ఒక ప్రశ్న అడిగి వేశాను: "ఇప్పుడు అతను కొడితే ఈ ఎత్తు వృథా అవుతుందా?" ఏను-ఈ8 కార్ల్స్‌బాద్‌లో ఎలాగూ వేయాల్సిందే, ఈ4 గడి మీద పట్టు కోసం. హెచ్6 అతని శకటును అడుగుతుంది, నా రాజుకు ఒక కిటికీ తెరుస్తుంది.

ఇక ఎ6. బి6 బలహీనపడుతుందన్నది నిజం. కానీ ఎ6 ఉన్నప్పుడు అతని బి బంటు బి5కి చేరాలంటే ఎ4 అండ కావాలి. అతను ఎ3 వేశాక అదే బంటును మళ్లీ ఎ4కి తోయాలి. మైనారిటీ ఎటాక్ ఒక ఎత్తు వెనకబడుతుంది. అందుకే ఎ3 పడ్డాక నేను కొంచెం నిశ్చింతగా కూర్చున్నాను. తొమ్మిదో ఎత్తు దగ్గర మీరు చెప్పింది ఒప్పుకుంటాను, అక్కడ కొట్టడం అతనికి మంచి దారి. పదో ఎత్తు తర్వాత అంత మంచిది కాదు. బిగువు అలాగే ఉంది, దాన్ని తెంచే విలువ మాత్రం ఎత్తు ఎత్తుకూ మారుతూ వచ్చింది. ఇది హాలులో నిలబడి చూసేవాళ్లకు కనిపించదు.

---

గౌతమి గట్టు (యానాం)

అలా చెబితే ఒప్పుకుంటాను. గు-ఎ4 సంగతి మాత్రం ఇంకా వదలను.

---

అత్తిలి అమ్మ (అత్తిలి)

అందరికీ నమస్కారం. నాకు ఆట అంతంత మాత్రమే, మా పాప ఆడుతుంది. తొమ్మిదేళ్లు. బంట్లు ఎదురుపడితే చాలు, కొట్టేస్తుంది. ఎందుకమ్మా అంటే "లేకపోతే వాడు కొడతాడు కదా" అంటుంది. మీ మాటలు చదివాక ఆ భయమే తప్పనిపిస్తోంది. కానీ పిల్లకు "ఓపిక పట్టు" అని చెబితే అర్థం కాదు. ఎలా చెప్పాలి?

---

తణుకు ఏనుగు (తణుకు)

అమ్మా, పాప అడిగిన ప్రశ్న చాలా మంచిది. సగమే అడిగింది, అంతే. "వాడు కొడతాడు" దగ్గర ఆగకుండా "కొడితే నాకేమవుతుంది" దాకా వెళ్లాలి. వాడు కొట్టినా నేను తిరిగి కొట్టగలనా? కొట్టాక నా పావు మంచి చోటికి వస్తుందా, చెడ్డ చోటికి వెళ్తుందా? మంచి చోటికి వస్తే వాడిని కొట్టనివ్వాలి. చెడ్డ చోటికి వెళ్తే అప్పుడు ఆగకూడదు, తనే ఏదో ఒకటి చేయాలి. ఓపిక ఎప్పుడూ మంచిదే అని పిల్లలకు నేర్పితే అదింకో రోగం. రెండు బంట్లు ఒకే బంటు మీదికి వచ్చి, దాన్ని కాసేవాడు ఒక్కడే ఉంటే అక్కడ కూర్చోవడం ఓపిక అనిపించుకోదు.

నేను చేయించేది ఇది. లంకబంటు గారి ఆటలో ఏడో ఎత్తు తర్వాతి స్థితి బోర్డు మీద పెడతాను. ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి, పన్నెండో ఎత్తు వరకు సి4, డి5 బంట్లు కొట్టుకోకూడదని షరతు పెడతాను. తర్వాత రంగులు మార్చి మళ్లీ. మొదటిసారి ఏ పావును కదపాలో తెలియక ఏనుగును ఇటూ అటూ తిప్పుతారు. రెండో మూడో సారికి "ఈ ఎత్తు ఎందుకు" అని వాళ్లే అడగడం మొదలుపెడతారు. షరతు తీసేశాక కూడా చేయి వెంటనే బంటు మీదికి పోదు.

కొట్టడం, తోయడం, వదిలేయడం. బంట్లు ఎదురుపడ్డ చోట ఉండేవి ఈ మూడే. పాప మూడింటి పేర్లూ పైకి చెప్పి తర్వాత ఎత్తు వేయాలి. ఇంట్లో ఆడేటప్పుడు మాత్రమే. టోర్నమెంటులో పైకి చెబితే ఆర్బిటర్ ఊరుకోరు.

---

లాకు పక్క ఇల్లు (ధవళేశ్వరం)

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పడవలు కాలువల్లో తిరిగిన రోజుల్లో లాకు (పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి మార్చే తలుపుల కట్టడం) దగ్గర లస్కర్లు, అంటే అక్కడి పనివాళ్లు, తలుపులు తీసే పద్ధతి చూసి ఉంటే ఈ చర్చలో సగం అక్కర్లేదు. పడవవాడు ఎంత అరిచినా సరే, లోపలి నీరు, బయటి నీరు ఒక మట్టానికి వచ్చేదాకా తలుపు తీయరు. ముందే తీయబోతే తలుపు రాదు, వచ్చినా పడవ నిలవదు. మట్టం కలిశాక మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపరు, వెనక ఇంకో పడవ ఉంటుంది కాబట్టి. లంకబంటు గారు పదకొండో ఎత్తు దాకా ఆగి, శకటు డి3కి రాగానే కొట్టడం నాకు అలా కనిపించింది.

---

ఈ4 వీరుడు (భీమవరం)

బాబాయి గారి మాట బాగుంది. కానీ ఇదంతా డి4 వాళ్ల గోల. ఈ4 ఆడేవాళ్లకు ఇలాంటి ముసలితనం ఉండదు.

---

పాలకొల్లు మాస్టారు (పాలకొల్లు)

ఉండదా? నువ్వు ఆడే రూయ్ లోపెజ్ తీసుకుందాం. 1. ఈ4 ఈ5 2. గు-ఎఫ్3 గు-సి6 3. శ-బి5 ఎ6 4. శ-ఎ4 గు-ఎఫ్6 5. 0-0 శ-ఈ7 6. ఏను-ఈ1 బి5 7. శ-బి3 డి6 8. సి3 0-0 9. హెచ్3 గు-ఎ5 10. శ-సి2 సి5 11. డి4 మం-సి7. చిగోరిన్ పద్ధతి. నీ డి4 బంటు మీద ఒక పక్క ఈ5, ఇంకో పక్క సి5. నువ్వు తెల్లవాడివి. ఏం చేస్తావు?

---

ఈ4 వీరుడు (భీమవరం)

డి×ఈ5 కొడతాను.

---

పాలకొల్లు మాస్టారు (పాలకొల్లు)

కొట్టు. డి×ఈ5. డి వరుస తెరుచుకుంది, దాని మీదికి ఇద్దరి ఏనుగులూ వస్తాయి, మారిపోతాయి. నల్లవాడి మీద అప్పటిదాకా ఉన్న ఒత్తిడి నువ్వే దింపేశావు. పోనీ డి5 తోయి. మధ్యభాగం మూసుకుపోతుంది. రాజు వైపు నీకు చోటు దొరుకుతుంది. నల్లవాడికి మంత్రి వైపు సి4 వేసుకుని, ఎ5 గుర్రాన్ని బి7 మీదుగా సి5కి తెచ్చుకునే తీరిక దొరుకుతుంది. రెండూ ఆడదగ్గవే. కానీ నూరేళ్లుగా ఎక్కువమంది వేసిన ఎత్తు 12. గుబి-డి2. కొట్టడం లేదు, తోయడం లేదు. గుర్రం డి2, ఎఫ్1 మీదుగా జి3కో ఈ3కో పోతుంది. నల్లవాడు ఈలోగా ప్రతి ఎత్తులోనూ మూడు రకాల భవిష్యత్తులకు సిద్ధంగా ఉండాలి. అలా సిద్ధంగా ఉండడమే అతనికి బరువు.

నల్లవాడు విసిగి సి×డి4 కొడితే నీ సి3 బంటు డి4కి వస్తుంది, మధ్యలో నీ జంట బంట్లు నిలబడతాయి. బదులుగా అతనికి సి వరుస దొరుకుతుంది, అది తక్కువేమీ కాదు. ఎవరు ఎప్పుడు తెంచారన్న దాన్ని బట్టే ఆట నడక. ఈ4 ఆడినంత మాత్రాన ఈ లెక్క తప్పించుకోలేవు.

---

గోదారి క్లాక్ (రాజమహేంద్రవరం)

డ్రా అంటే ఏమీ జరగలేదని చాలామంది అనుకుంటారు, దాని మీద నాదొక ముక్క. 2018లో లండన్‌లో కార్ల్‌సెన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ (ఎక్కువ సమయం ఉండే) ఆటలూ డ్రానే. టైటిల్ ర్యాపిడ్‌లో, అంటే తక్కువ సమయం ఉండే ఆటల్లో తేలింది. 2000లో క్రామ్నిక్ చేతిలో కాస్పరోవ్ టైటిల్ పోగొట్టుకున్న మ్యాచ్‌లో 15 ఆటల్లో 13 డ్రా. కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేకపోయాడు. క్రామ్నిక్ నల్ల పావులతో ఆడిన బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌ను "బెర్లిన్ గోడ" అంటారు, అది బద్దలు కాలేదంటే ఆ డ్రాల వెనక ఎంత పని ఉందో ఆలోచించండి. 1984లో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్ మ్యాచ్ సంగతి చెప్పనక్కర్లేదు: 48 ఆటలు, 40 డ్రా, చివరికి 1985 ఫిబ్రవరిలో ఫలితం తేలకుండానే ఆపేశారు. అదీ అతి అయిందనే నా అభిప్రాయం. అందులో వరుసగా 17 డ్రాలు ఉన్నాయి. వాటిలో కొన్ని చూస్తే నాకూ నిద్రే వచ్చింది. డ్రాలన్నీ గొప్పవని వాదించే ఉద్దేశం లేదు.

మన హంపి గారి సంగతే చూడండి. 2025లో బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్, దివ్య దేశ్‌ముఖ్‌తో రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. ర్యాపిడ్‌లో దివ్య గెలిచింది. మర్నాడు మా వీధిలో అందరూ ర్యాపిడ్ గురించే మాట్లాడారు. ఆ రెండు డ్రాలను తెరిచి చూసినవాడు నాకు కనిపించలేదు.

---

నిర్వాహకుడు

ఈ చర్చలో సంక్రాంతి కోడిపందేల మీద వచ్చిన మూడు సందేశాలు తొలగించాను. పందెం కోడికి, బంటుకు సంబంధం ఏమిటో రాసినవారికే తెలియాలి. చదరంగం మీద ఉండండి.

---

గౌతమి గట్టు (యానాం)

లంకబంటు గారూ, పూర్తి స్కోర్‌షీట్ పంపినందుకు ధన్యవాదాలు. "తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు" అన్నారు కానీ, చివరి భాగంలో మళ్లీ అదే కథ ఉంది. శకట్ల ఎండ్‌గేమ్‌లో మీ బంట్లు ఎఫ్6, జి5, హెచ్6. అతనివి ఎఫ్3, జి3, హెచ్4. అతను హెచ్4 వేశాక మీరు జి×హెచ్4 కొట్టవచ్చు, అతను హెచ్×జి5 కొట్టవచ్చు. ఆటంతా అయిపోయేదాకా ఎవరూ కొట్టలేదు. ఈసారి ఎదురుచూడడానికి బయటికి తేవాల్సిన పావు ఏదీ లేదు కదా, ఎందుకు ఆగారు?

---

లంకబంటు (పి.గన్నవరం)

ఇది రాజుల దారి గురించి. నేను జి×హెచ్4 కొడితే అతను జి×హెచ్4 తిరిగి కొడతాడు. నా హెచ్6 బంటు ఒంటరి అవుతుంది. అది నల్లగడి మీద ఉంది, మిగిలినవి తెల్లగడి శకట్లు. అంటే నా శకటు ఆ బంటును కాయలేదు. పైగా జి3లో బంటు తొలగిపోతుంది కాబట్టి అతని రాజు జి3, జి4, హెచ్5 అంటూ నడిచి వచ్చేస్తాడు. అది ఆపాలంటే నా శకటు హెచ్5 గడిని చూస్తూ ఈ8లో కాపలా కూర్చోవాలి. మంత్రి వైపు నా ఎ6, బి5 బంట్లు రెండూ తెల్లగడుల మీదే ఉన్నాయి, అతని శకటు వాటిని చూసుకుంటుంది. రెండు వైపులా నేనొక్కడినే కాయలేను.

అతను హెచ్×జి5 కొడితే నేను హెచ్×జి5 కొడతాను. నా బంట్లు కలిసే ఉంటాయి, హెచ్ వరుస నా రాజుకు దారి అవుతుంది. అందుకే అతనూ కొట్టలేదు. అతనికి గెలుపు కావాలి కాబట్టి నేను కొడతానేమోనని రాజును ముందుకూ వెనక్కూ తిప్పాడు. నేను శకటును డి7, ఈ8 మధ్య తిప్పాను. అదే స్థితి మూడోసారి రాబోతుంటే అతనే డ్రా అడిగాడు. స్కోర్‌షీట్‌లో ఆ ఎత్తు పక్కన సమానం గుర్తు వేసుకున్నాను.

---

గౌతమి గట్టు (యానాం)

హెచ్6 నల్లగడి మీద ఉందన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇంజన్ సున్నా (అంటే సమానం) చూపించింది, ఎందుకో చెప్పలేదు.

---

అత్తిలి అమ్మ (అత్తిలి)

తణుకు వారికి కృతజ్ఞతలు. పాపతో మీరు చెప్పినట్టే ఆడించాం, వాళ్ల తాతయ్యతో. తాతయ్యే షరతు తప్పి మూడుసార్లు కొట్టారు. పాప ఒక ప్రశ్న అడగమంది: "కొట్టడం, వదిలేయడం గురించే అందరూ రాశారు, తోయడం గురించి ఎవరూ రాయలేదు. తెల్లవాళ్లు సి5 తోసేస్తే?"

---

తణుకు ఏనుగు (తణుకు)

పాపను ఒకసారి తణుకు తీసుకురండి.

లంకబంటు గారి ఆటలో 9. సి5 నిజంగానే ఉంది. తోసేస్తే డి5 మీద ఒత్తిడి పోతుంది. నల్లవాడి మంత్రి వైపు మాత్రం బిగుసుకుపోతుంది, ఊరుకుంటే తెల్లవాడు బి4 వేసి అక్కడే కొండలా కూర్చుంటాడు. కాబట్టి ఊరుకోకూడదు. ఇక్కడ ఓపిక పనికిరాదు. వెంటనే 9... ఈ5. తెల్లవాడు 10. డి×ఈ5 కొడితే గు-జి4. ఇప్పుడు ఈ5, సి5 రెండు బంట్ల మీదా నల్ల గుర్రాలు ఉన్నాయి, తెల్లవాడు రెండూ కాపాడుకోలేడు. ఒకటి తిరిగి వచ్చేస్తుంది, ఇరుకూ తీరుతుంది.

పాపకు చెప్పండి: 11. శ×ఈ7 మం×ఈ7 దాకా బోర్డు మీద వేసి, తెల్లవాళ్లు గు-ఎ4 వేసి సి5ను కాపాడితే నల్లవాళ్లు ఏ గుర్రంతో ఈ5లో కొట్టాలో వెతకమనండి. రెండు గుర్రాలూ కొట్టగలవు. ఏది మేలో తనే చెప్పాలి, తాతయ్య సాయం లేకుండా.